వాషర్ కన్నంలోంచి

రేపల్లె స్టేషన్లో బండి ఇంకా కదల్లేదు. సంక్రాంతి వెళ్లి వారమైంది, మంచు మాత్రం వెళ్లలేదు. కిటికీ ఊచ పట్టుకుంటే చేతికి తడి అంటుకుంటోంది. ఎదురు సీట్లో మా అన్నయ్య కూతురు కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది.

"చూడు బాబాయ్. అయిదు సెకన్లు, పది షాట్లు."

డల్లాస్‌లో ఉన్న వాళ్ల పెద్దమ్మ కొడుకు పంపిన వీడియో అది. చెవులకి రక్షణ, కళ్లకి అద్దాలు, భుజానికి రైఫిల్. టప్ టప్‌మని పది దెబ్బలు, కుడిపక్కకి ఎగిరి పడే ఖాళీ తొడుగులు. ఆ రైఫిల్ రూగర్ 10/22. 1964 నుంచి తయారవుతున్న పాయింట్ 22 సెమీ-ఆటోమేటిక్. మ్యాగజైన్లో పది తూటాలు పడతాయి. అమెరికాలో మొదటి రైఫిల్ ఏది కొనాలని అడిగితే ముందు వినిపించే పేర్లలో అదొకటి. మా వాడు గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాడు. ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సులాంటి మినహాయింపు ఏదో ఉంటే తప్ప, అక్కడ తుపాకి ముట్టకూడదు. ఆ భాగం వీడియోలో రాదు.

"ఇలాంటిదే కావాలి నాకు. రేంజిలో కాల్చుకోడానికేగా!"

పిల్లకి పందొమ్మిదేళ్లు. డిగ్రీ, ఎన్.సి.సి. మొన్నటి క్యాంపులో పాయింట్ 22 రైఫిలిచ్చి, బోర్లా పడుకోబెట్టి, 25 గజాల్లో అయిదు తూటాలు కాల్పించారట. అయిదూ అయిదు దిక్కులకి పోయాయట. ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టింది. ట్రిగ్గరు మెల్లగా నొక్కమన్నారు, నొక్కింది. అయినా అంతే. రోషం అక్కడ మొదలైంది. ఇంట్లో వాళ్ల నాన్న చేతులెత్తేసి, తెలిసినవాళ్లని అడిగిరమ్మని నాకు అప్పజెప్పాడు. నా దగ్గర తుపాకి జ్ఞానం లేదు. తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, ఒకరు తెనాలిలో, ఒకరు బాపట్లలో.

బండి కదిలింది. పల్లికోన, భట్టిప్రోలు, వేమూరు. వరి కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది, దాని మీద మంచు. పిల్ల ఫోన్లో తుపాకుల బొమ్మలు చూస్తూనే ఉంది. ప్రతి బొమ్మ కిందా సెకనుకి ఇన్ని అడుగుల వేగమని ఓ అంకె. ఆ అంకె పెరిగేకొద్దీ దాని కళ్లు పెద్దవవుతున్నాయి.

*

తెనాలిలో దిగి, కాలువ వంతెన దాటి, లేత్ మిషన్ షెడ్డు ముందు ఆగాం. ఇనుముతో ఏమైనా చేసే ఊరిది. తుక్కు నట్లూ బోల్టులూ అతికించి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్న చోట గాలి తుపాకి బాగుచేసే మేస్త్రి ఉండటం వింతేమీ కాదు. ఈయన అసలు పని పొలం మందు కొట్టే స్ప్రేయర్లు, మోటార్లు. తుపాకులు కొసరు. షెడ్డులో కటింగ్ ఆయిలు కమురు వాసన. బల్ల మీద మూడు ఎయిర్ రైఫిళ్లు విప్పేసి ఉన్నాయి, చేప పొట్ట కోసి పెట్టినట్టు.

"ఏం కావాలమ్మాయ్?"

"సెమీ-ఆటోమేటిక్ అండీ."

ఆయన నవ్వలేదు. ఒక గొట్టంలోంచి జానెడున్నర స్ప్రింగు లాగి దాని చేతిలో పెట్టాడు. "ముందు ఇది పట్టుకో."

మంగలి కత్తిలా మధ్యకి విరిచే తుపాకి ఎలా పనిచేస్తుందో పది నిమిషాల్లో చూపించాడు. బ్యారెల్ కిందకి వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు వదులై పిస్టన్ని ముందుకి తోస్తుంది, ముందున్న గాలి నలిగి పెల్లెట్‌ని నెడుతుంది. పిస్టను మూతికి వాషరు. పాత రకాల్లో అది తోలుది. "సైకిల్ పంపులో ఉంటదే, అదే. ఎండితే గాలి పట్టదు, చుక్క నూనె కావాలి. ఎక్కువ పోశావో, నలిగిన గాలి వేడికి ఆ నూనే అంటుకుని పొగ కక్కుద్ది. పొగొచ్చింది, పవరు పెరిగిందనుకుంటారు మనోళ్లు. స్ప్రింగు పోద్ది." కొత్తవాటిలో ప్లాస్టిక్ లాంటి సీలు వస్తోంది, దానికి నూనె గొడవ తక్కువ.

బల్ల మీది మూడింటి కథా అడిగాను. మొదటిది రాత్రంతా విరిచి, ఎక్కించి, అలాగే వదిలేసింది. కోతుల కోసమట. స్ప్రింగు చచ్చిపోయింది. రెండోది బ్యారెల్ వంచి ఉండగానే ఎవడో కుర్రాడు ట్రిగ్గరు నొక్కాడు, బ్యారెల్ ఫటాల్న లేచి మెడ దగ్గర వంగింది. వేళ్లు అడ్డముంటే వేళ్లు పోయేవి. మూడోదానికి వచ్చిన రోగం మనది, సముద్రపు గాలి. రేపల్లె వైపు నుంచి వచ్చిందట. ఆరు నెలలు మంచం కింద గుడ్డలో చుట్టిపెట్టారు, గుడ్డ తేమ పీల్చింది, ఇనుము గుడ్డని పీల్చింది. "మీ వైపు వాళ్లు కాల్చినా కాల్చకపోయినా వారానికోసారి నూనె గుడ్డతో తుడవాల. అది చెయ్యనోళ్లకి యాభై వేలదైనా ఒకటే, అయిదు వేలదైనా ఒకటే."

నమ్మకమైన తుపాకి ఏదని అడిగాను. ఆయన కంపెనీ పేరు చెప్పలేదు. స్ప్రింగూ సీలూ విడిగా కొరియర్లో దొరికేదేదో అది నమ్మకమైందన్నాడు. తుపాకి కొన్న రోజునే అదనపు స్ప్రింగొకటి, సీళ్లు రెండు కొనిపెట్టుకునేవాడిని ఒక్కణ్నీ ఇంతవరకు చూడలేదట. నాకీ మాట వీడియోలన్నిటికంటే విలువగా తోచింది. మోటారు కొనేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న పార్టులు దొరుకుతాయా అనే కదా, తుపాకి దగ్గరికొచ్చేసరికి వేగం ఎందుకు అడుగుతాం?

పిల్ల వదల్లేదు. స్ప్రింగు లేని రకం, గాలి నింపుకునే రకం ఉంటుందట కదా, పి.సి.పి. అని, వాటిలో సెమీ-ఆటోమేటిక్ కూడా వస్తోందట కదా?

"వస్తంది. సిలిండరులో 200 బార్ గాలి కావాల. లారీ టైర్లో ఎంతుంటదో తెలుసా? 120 పౌండ్లు. ఇదేమో 2900."

"పంక్చరు షాపులో కొట్టరా?"

ఈసారి నవ్వాడు. పంక్చరు షాపు కంప్రెసరు ఆ దరిదాపులకి కూడా రాదు. నిలబడి కొట్టే చేతి పంపు ఉంటుంది, వంద పోట్లకి నడుం పడుతుంది. మన డెల్టా గాలిలో తేమెక్కువ, గాలితో పాటు ఆ నీరూ సిలిండర్లోకి పోతుంది. తేమ ఆపే ఫిల్టరు పెట్టుకోవాలి. దగ్గర్లో గాలి నింపే క్లబ్బున్న ఊళ్లో ఉంటే పి.సి.పి. రాజాలాంటిది, ఊగదు, కుదుపుండదు. రేపల్లెలో మేడ మీద కాల్చుకునే పిల్లకి మొదటి ఏడాది అది గుదిబండ అని ఆయన తీర్పు.

వెళ్లబోతుంటే ఆయనే ఆపాడు. "క్యాంపులో నీ తూటాలు చెదిరాయన్నావే. ఇటు రా." డబ్బాలోంచి రూపాయి బిళ్లంత ఇనప వాషరు తీసి దాని కుడిచేతికిచ్చాడు. చెయ్యి బారజాపమన్నాడు. రెండు కళ్లూ తెరిచి, వాషరు కన్నంలోంచి గోడ మీది కేలండర్లో ఇవాళ్టి తేదీ చూడమన్నాడు. చూసింది. తేదీ కన్నంలోంచి జారకుండా వాషరుని మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకోమన్నాడు. తెచ్చుకుంది.

వాషరు వచ్చి ఎడమకంటి మీద ఆగింది.

మళ్లీ చేయించాడు. మళ్లీ ఎడమకన్నే. "నీ చెయ్యి కుడి, కన్ను ఎడమ. కుడి భుజానికి తుపాకి పెట్టి కుడికన్నుతో చూస్తంటే ఎడంకన్ను ఊరుకోదు, నాక్కనపడాలంటది. రెండు బొమ్మలు కొట్టుకుంటయ్. తూటా ఏ బొమ్మని నమ్మాల?"

పిల్ల ముఖం చూడాలి. క్యాంపులో ఎడమకన్ను మూస్తే రెప్ప కొట్టుకుంటూనే ఉండేదట. తనకి నిదానం లేదనుకుందట ఇన్నాళ్లూ.

వాషరు తిరిగివ్వబోతే ఉంచుకోమన్నాడు.

*

మెయిన్ లైన్లో బాపట్ల బండి రద్దీగా ఉంది. నిడుబ్రోలు దాటాక సీటు దొరికింది. నా ఒళ్లో బెల్లం జిలేబీ పొట్లం. తెనాలి నుంచి బాపట్ల వెళుతూ హవల్దారు మామయ్యకి జిలేబీ తీసుకెళ్లకపోతే గుమ్మంలోనే విచారణ జరుగుతుంది.

అనుకున్నట్టే పొట్లం ముందు చూసి, తర్వాత మమ్మల్ని చూశాడు. పదవీ విరమణ చేసి ఇరవై ఏళ్లు దాటినా నడుం వంగలేదు. విషయం విని, జిలేబీ కొరుకుతూ, "సెమీ-ఆటోమేటిక్ నీకెందుకు, నాకిచ్చారుగా" అన్నాడు.

ఆయన సర్వీసులో మొదటి సగమంతా ఎస్.ఎల్.ఆర్. తనంతట తానే మళ్లీ నింపుకునే రైఫిలని ఆ పేరుకి అర్థం. 7.62 మిల్లీమీటర్ల తూటా, ఇరవై పట్టే మ్యాగజైను, ఇషాపూర్ కార్ఖానాలో తయారీ. 1971 యుద్ధంలో మన జవాన్ల చేతుల్లో ఉన్నది అదే. తొంభైలలో ఇన్సాస్ రైఫిల్ వచ్చాక అది మెల్లగా పక్కకి జరిగింది. ఆయన చేతుల్తోనే గాల్లో దాన్ని విప్పి చూపించాడు. తూటా పేలినప్పుడు పుట్టిన వాయువు కొంత బ్యారెల్ పైనున్న గొట్టంలోకి మళ్లి ఒక కడ్డీని వెనక్కి తోస్తుంది. ఆ తోపుకే ఖాళీ తొడుగు బయటికి, కొత్త తూటా లోపలికి. కాని వేలు ఒకసారి వదిలి మళ్లీ నొక్కాలి. నొక్కి పట్టుకుంటే వరసగా పేలేది వేరే జాతి. "ఇరవై తూటాలున్నాయి గదా అని గబగబా కాల్చినోడికి మా సుబేదారు ఏం చేసేవాడో తెలుసా? తర్వాతి వారం మ్యాగజైన్లో ఒక్కటే పెట్టించేవాడు."

చట్టం సంగతి ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలంటే జిల్లా మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి. తెనాలి వాళ్లకి గుంటూరు, 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె వాళ్లకి బాపట్ల. ఎంత తిరిగినా మామూలు మనిషికిచ్చే లైసెన్సు మీద సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ రాదు. పాయింట్ 22 బోల్టు రైఫిలుకీ లైసెన్సు తప్పదు. రైఫిళ్లలో ఏ లైసెన్సూ లేకుండా ఇంటికి తెచ్చుకోగలిగేది ఒక్క ఎయిర్ రైఫిలే. 2016 ఆయుధ నిబంధనలు గీసిన గీత: బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకూడదు.

"అంటే బొమ్మ తుపాకీయేగా" అంది పిల్ల, నీరుగారిపోయి.

మామయ్య జిలేబీ చెయ్యి కడుక్కొచ్చి, కాగితం తీసి లెక్క వేశాడు. పోటీల్లో వాడే పెల్లెటు బరువు అర గ్రాముకి కాస్త ఎక్కువ, 0.53 గ్రాములనుకో. వేగం సెకనుకి 170 మీటర్లు. శక్తి ఎనిమిది జౌళ్లు కూడా లేదు. అనుమతించిన దాంట్లో సగం లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం కొట్టిందీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చిన ధనుష్ శ్రీకాంత్‌దీ ఇదే ఈవెంటు, అతనిదీ హైదరాబాదే. ఇక ఆయన దాచిపెట్టిన చివరి ముక్క: ఆ పోటీల్లో మ్యాగజైను ఉండకూడదు. ఒక్కో పెల్లెటూ వేలితో పెట్టుకుని కాల్చాల్సిందే. అరవై షాట్లకి 75 నిమిషాలు.

"షాటుకి నిమిషం పావు" అంది పిల్ల మెల్లగా. అప్పటికి ఫోను సంచిలోకి వెళ్లింది.

*

మేడ ఎక్కాం. మామయ్య వెనక మెట్ల తలుపు గొళ్లెం పెట్టాడు, కాలుస్తున్నంతసేపూ ఎవరూ పైకి రాకూడదు. నేల మీద సుద్దగీత. అక్కడి నుంచి సరిగ్గా 10 మీటర్లలో నీళ్ల ట్యాంకు గోడ, గోడకి చెక్క పెట్టె, దాంట్లో కుక్కిన పాత గుడ్డలు, వెనక ఇనప రేకు. పెట్టె ముందు కార్డు. నడుమ నల్లటి వలయం మూడు సెంటీమీటర్ల చిల్లర. అందులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజలో సగం కూడా ఉండదు. కార్డు ఎత్తు నేల నుంచి మీటరూ నలభై. గాలి సూర్యలంక వైపు నుంచి వీస్తోంది, కొంచెం ఉప్పగా.

మా ఇద్దరికీ కళ్లద్దాలిచ్చి, తనూ పెట్టుకున్నాడు. "పిట్టల మీద, కోతుల మీద ఎక్కుపెట్టావని విన్నానో, ఈ మేడెక్కద్దు."

గూట్లోంచి తీసిన రైఫిలు పాతదే, మన దేశపు తయారీ, విరిచే రకం. ముందు కొలత. మోచేతి మడతలో బట్ ఆనించి చూపుడువేలు ట్రిగ్గరుకి అందుతుందా చూశాడు. అందలేదు, వేలు చివర మాత్రం తగిలింది. "ఇది నా చేతి కొలత. నీకు అరంగుళం పొట్టిది కావాలి. కొన్నిటికి బట్ వెనక పలకలు తీసి పెట్టుకోవచ్చు, అలాంటిది చూడు." మేస్త్రి కన్ను సంగతి చెప్పాం. మామయ్య ఒక్క క్షణం ఆగి, రైఫిలుని దాని ఎడమ భుజానికి మార్చాడు. చెంప ఆనే చెక్క కుడిచేతివాళ్లకి చెక్కిన రకం, ఎడమవైపు దవడ కింద ఖాళీ. తువ్వాలు మడిచి కట్టాడు.

పొద్దుట్నుంచి మేం వెతుకుతున్న తుపాకి రూపం మారిపోయింది. చెంప చెక్క రెండు వైపులా ఒకేలా ఉండాలి. పక్కన బోల్టు లాగే రకాలు చాలావరకు కుడిచేతి వాళ్లకోసమే, అవి పోయాయి. విరిచే రకానికి కుడీ ఎడమా లేదు. టెలిస్కోపు వద్దు, పోటీల్లో ఎలాగూ ఒప్పుకోరు. మన దేశపు పోటీల్లో ఓపెన్ సైటు విభాగం వేరే ఉంది, ముందు దాంతో మొదలుపెట్టొచ్చు. సన్నని రంధ్రంలోంచి చూసే పీప్ సైటు తర్వాత. ట్రిగ్గరు పట్టుగా, తడబడకుండా వదలాలి. విదేశీ మ్యాచ్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి, దేశీ పి.సి.పి. పదుల వేలల్లో, స్ప్రింగు రకం వాటికి బాగా కింద. మిగిలిన డబ్బు పెల్లెట్లకి. అందరూ తప్పు చేసేది అక్కడే. తుపాకికి అంతా పోసి, ఏడాదికి రెండు డబ్బాలు కాల్చి ఊరుకుంటారు.

మొదటి పెల్లెటు కార్డుకే తగల్లేదు.

"గట్టిగా పట్టుకున్నావ్. పిస్టను ముందుకి పోయేటప్పుడు తుపాకి వెనక్కి తంతుంది, అది ఆగేటప్పుడు ముందుకి తూలుతుంది. ఇదంతా పెల్లెటు బయటికి రాకముందే. నువ్వు పట్టి ఆపలేవు. ప్రతిసారీ ఒకేలా తూలనియ్యి." పసిపిల్ల మెడ కింద చెయ్యి పెట్టినట్టు అరచేతిలో ఆన్చమన్నాడు. ఇసక సంచి ముందు పెట్టి మోచేతులు గట్టు మీద ఆన్చాడు.

ఠప్. బ్యారెల్ వంపు. వేలితో పెల్లెటు. మూత. ఊపిరి. పక్క మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్నారు. ఠప్. ఎడమకన్ను తెరిచి ఉంది, కుడికన్ను తనంతట తానే సగం వాలింది. నేను గడియారం చూశాను. షాటుకీ షాటుకీ మధ్య నిమిషం దాటుతోంది. ఎవరూ చెప్పలేదు దానికి.

ఇంకో అయిదయ్యాక మామయ్య కార్డు తెచ్చాడు. మొన మొద్దుగా ఉన్న పెల్లెట్లు కాగితాన్ని పంచింగ్ మిషను కొట్టినట్టు గుండ్రంగా కోశాయి. నాలుగు చిల్లులు నల్ల వలయానికి పైన ఎడమ పక్కన, రూపాయి బిళ్ల పెడితే మూసుకుపోయేంత చోట్లో. అయిదోది దూరంగా తెల్లకాగితం మీద. "మార్కులు లెక్కపెట్టకు" అన్నాడాయన, "సైటు తిప్పితే ఈ నాలుగూ మధ్యలోకొస్తాయి. చెదిరినవాటిని ఏ స్క్రూ తిప్పినా తేలేం." కిందకి దిగగానే ఇద్దరి చేతా సబ్బుతో చేతులు కడిగించాడు. పెల్లెట్లు సీసం.

అక్కడి నుంచే విజయవాడ దుకాణానికి ఫోన్ చేశాం. రెండు వైపులా చెంప ఆనే చెక్క, పొట్టి బట్, ఓపెన్ సైటు, స్ప్రింగు రకం. వచ్చే వారం వస్తుందన్నారు, ఆధార్ కాపీ తెచ్చుకోమన్నారు. పిల్ల ఫోను లాక్కుని, అదనపు స్ప్రింగొకటి, సీళ్లు రెండు కూడా కావాలంది. అవతలివాడు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

రాత్రి తెనాలిలో రేపల్లె బండికి ఎదురుచూస్తూ ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాం. అది వాషరు తీసి నాకిచ్చి, ఎదురుగా ఉన్న గడియారం చూడమంది. నాది కుడికన్ను. పక్కన టీ తాగుతున్న పెద్దాయనకీ ఇచ్చింది. ఆయనది ఎడమ, అరవయ్యేళ్లలో ఎవరూ చెప్పలేదట. మీ ఇంట్లో ఎవరైనా మొదటి రైఫిలు కావాలని అడుగుతుంటే, దుకాణానికి బయల్దేరేముందు చేతికో వాషరిచ్చి కేలండరు వైపు చూడమనండి.